వాన తేలేని అయ్యగారు

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర సాయంత్రం పూట తోపుడుబండి మీద పచ్చి చెనిక్కాయలు ఉడికే వాసన తగిలిందంటే నా కాళ్లు అక్కడే ఆగిపోతాయి. ఎర్రమట్టి, ఉప్పునీళ్ల ఆవిరి, పొట్టులో ఇంకా పాలు ఆరని గింజ తీపి, అన్నీ కలిసిన వాసన అది. బండి అతనితో నేను ప్రతిసారీ పోట్లాడతాను, ఎందుకంటే అతను పొట్లంలో పైన గట్టికాయలు పేర్చి అడుగున లొట్టలు పోస్తాడు. "అక్కా, నువ్వు తినేదానికన్నా తిట్టేదే ఎక్కువ" అంటాడు. తిట్టినా కొంటాను. ఒక్కొక్క కాయే ఒలుచుకుంటూ ఇంటిదాకా నడిచేసరికి చత్వారపు అద్దాలూ మోకాళ్ల నొప్పులూ ఎక్కడో జారిపోయి, నేను మళ్లీ మా ఊరి చేలో ఒడి నిండా కాయలు పోసుకుని కూర్చుని ఉంటాను.

గుంతకల్లు పోయే తారురోడ్డు మీద బస్సు దిగి మూడు మైళ్లు లోపలికి నడిస్తే మా ఊరు. ఊరికి కొసన పద్దెనిమిది ఇళ్ల మా పేట, పేటకు కొసన రేకుల కప్పు ఏసు గుడి. ఆ రేకులు ఎండకు ఎంత మండేవో, కింద పరిచిన తాడిపత్రి బండలు అంత చల్లగా ఉండేవి. ప్రసంగం సాగినంతసేపూ పిల్లలం ఒక చెంప, ఆ తర్వాత ఇంకో చెంప ఆ బండలకు ఆనించి పడుకునేవాళ్లం. మా పెళ్లిళ్లూ పేరంటాలూ, బడి బట్టలూ, గుడిలో కానుకా, అన్నీ చెనిక్కాయ పంట మీదే నడిచేవి. తొలకరికి గొర్రు వెనకాల నడిచే ఆడవాళ్ల పాట, కాయ పీకే రోజుల్లో గోళ్ల సందుల్లో ఇరుక్కుని వారమైనా వదలని మట్టి, చేలోనే ఎండుకంప అంటించి కాల్చుకుని తింటే పెదాల చుట్టూ మీసంలా పట్టే మసి, వేయించిన గింజలూ కాల్చిన వంకాయా కలిపి మా అవ్వ రోట్లో నూరే ఊరిబిండి, దానికోసమే కాచుకున్నట్టుండే వేడి రాగిసంగటి ముద్ద, ఇవే మా ఋతువులు. కోతల పండుగనాడు గుడిలో గుమ్మడికాయలు, కోళ్లు, చెనిక్కాయ మూటలు తెచ్చి పెట్టి వేలం వేసేవాళ్లు. ఒకే కోడిపుంజు మూడు చేతులు మారి మళ్లీ మా ఇంటికే వచ్చిన సంవత్సరం కూడా ఉంది. క్రిస్మస్‌కు వెదురు బద్దలతో నక్షత్రం కట్టేది మగపిల్లలు, దాని రంగు కాగితాలకు జిగురు పూసే పని మాది, పొద్దున్నే నేతి చేతులతో ఓళిగలు తట్టేది అవ్వ.

ఇంత చెప్పినా నీళ్ల సంగతి చెప్పకపోతే మా ఊరు చెప్పినట్టు కాదు. పేటలో ఉన్న బావి నీళ్లలో పప్పు ఉడికేది కాదు, నోట్లో పోసుకుంటే ఉప్పు. తాగే నీళ్లకు మైలు దూరంలో తోట బావికి పోవాలి, తెల్లారకముందే పోవాలి. అందుకే మా పేటలో మనిషికిచ్చే మర్యాదంతా నీళ్లతోనే కొలిచేవాళ్లు. పాస్టరు గారింటి పెరట్లో ఒక రాతితొట్టి ఉండేది. కొత్త అయ్యగారు ఊళ్లోకి వచ్చిన రోజున పద్దెనిమిది ఇళ్ల ఆడవాళ్లూ తలా ఒక బిందె తోటనీళ్లు తెచ్చి వరసగా ఆ తొట్టిలో పోస్తారు. ఆఖరి బిందె పడ్డాక సంఘపెద్ద చెంబు ముంచి ఆయనకు ఇస్తాడు. ఆయన తాగినాకే మా అయ్యగారు. అప్పటిదాకా పైవాళ్లు పంపిన మనిషి, అంతే. "కాగితం అనంతపురం నుంచి వస్తాది, నీళ్లు మనం పోయాల" అనేది మా అవ్వ. ఆ తర్వాత రోజుకొక ఇంటి వంతున ఆ ఇంటికి రెండు బిందెలు. దేవుడు ఏర్పరచిన నాయకుణ్ని సంఘం గుర్తించడమంటే ఏమిటో లావుపాటి పుస్తకాలు చదివినవాళ్లు చాలా చెబుతారు, నేనూ వాళ్లతో గంటలకొద్దీ వాదిస్తాను. కానీ ఆ మాట వినగానే నా చెవిలో పడేది మాత్రం రాతితొట్టిలో నీళ్లు పడే చప్పుడే.

నాకు ఎనిమిదేళ్లప్పుడు దేవదానం అయ్యగారు వచ్చారు. అంతకుముందున్న ఆయన భారీ మనిషి, గొంతెత్తితే రేకులు అదిరేవి, పైగా ఆయన అడుగుపెట్టిన వారానికే వాన పడిందని ఊరంతా చెప్పుకునేది. ఈయన పిడికెడు మనిషి, ఒక రేకుపెట్టె, రెండు పుస్తకాల మూటలు. పాట ఎత్తుకుంటే మొదటి చరణం గుత్తి బస్సెక్కేది, రెండో చరణం బళ్లారి బస్సెక్కేది. ప్రసంగం మొదలుపెడితే పొయ్యి మీది సంగటి చల్లారాల్సిందే. దంపతులిద్దరూ గుంటూరు వైపువాళ్లు, కాలవ నీళ్ల మనుషులు. అయ్యగారి భార్యను మేము అమ్మగారనేవాళ్లం, ఆమె "వచ్చాడు, చేశాడు" అంటుంటే మేము వెనక చేరి ఆ మాటలే పలికి నవ్వుకునేవాళ్లం. ఆమెకు బిందె నెత్తిన పెట్టుకుని నడవడం రాదు, చంకన పెట్టుకుంటుంది, సగం దారిలోనే ఒలికిపోతుంది.

ఈ పిడికెడు మనిషే పొద్దున పూట గుడి అరుగు మీద మాకు చదువు చెప్పేవారు. నా చేతి రాత గుండ్రంగా కుదిరేదాకా ఆయన వదల్లేదు. ఐదో తరగతిలో ఉండగా, అనంతపురంలో ఆడపిల్లల హాస్టలు బడి ఉందని, సీటుకు దరఖాస్తు పెడదామని మా నాయనను ఒప్పించి, ఆ దరఖాస్తు నా చేతనే రాయించారు. ప్రతి నెలా మొదటి సోమవారం అనంతపురంలో పాస్టర్ల కూటం ఉండేది; ఈసారి పోయినప్పుడు పాస్టర్లందరి మీదా ఉండే పెద్దయ్యగారి చేతికి ఇస్తానన్నారు. మా పేట నుంచి ఏ ఆడపిల్లా అంతవరకు ఐదు దాటి చదవలేదు.

అయితే ఆయన వచ్చిన ఏడు వాన లేదు. రెండో ఏడూ లేదు. విత్తనం మట్టిలోనే మాడిపోయింది. ఊళ్లోవాళ్లు కప్పలకు పెళ్లి చేసి వీధులు తిప్పితే, మేము ఉపవాస ప్రార్థనలు పెట్టుకున్నాం. మబ్బు ఇద్దరి మాటా వినలేదు. కోతల పండుగకు గుడిలో ఒకే ఒక గుమ్మడికాయ, అదీ అమ్మగారి పెరట్లోది. అప్పుడు మొదలైంది మాట. సంఘపెద్ద మా అవ్వకు సొంత తమ్ముడు. బాప్తిస్మం పేరు తిమోతి, కానీ పిలిచేవాళ్లందరికీ తిమ్మప్పే, నాకు తిమ్మప్ప తాత. ఆయన గుడి అరుగు మీద కూర్చుని అన్నాడు: "పాతకాలం ప్రవక్త మోకాళ్లూనితే వాన దిగొచ్చినాదని ఈయప్పే చెప్తాడు. ఈయప్ప మోకాళ్లు కాయలు కాసినాయి గానీ చేలో కాయలు కాయల్యా. దేవుడు పంపిన మనిషైతే దేవుడు వినడా?"

కరువుసీమలో ఇంతకన్నా తేలిగ్గా తలకెక్కే మాట ఇంకోటి లేదు. ముందు ఒక ఇల్లు తన వంతు రోజున మరిచిపోయింది. తర్వాత ఇంకో ఇంట్లో ఎవరికో జ్వరం. నెల తిరిగేసరికి రాతితొట్టి అడుగున పాచి ఎండి పెళ్లలు లేచింది. అమ్మగారు ఒక్కతే చంకన బిందెతో తోటబావికి పోయేది. ఎవరూ అడ్డం చెప్పేవాళ్లు కాదు, ఎవరూ బిందె ఎత్తించేవాళ్లూ కాదు. మా అవ్వ మాత్రం మా వంతు వచ్చిన రోజున రెండు బిందెలు పోసి వచ్చేది, మూడోది పోసేది కాదు. "నేనేం ధర్మం చేస్తాండనా? ఆ పొద్దు నీళ్లు పోసి ఒప్పుకుంటిమి, ఇప్పుడు ల్యాదంటే ఎట్ల?" అనేది. ఆయన పాటను అందరికన్నా ఎక్కువ ఎగతాళి చేసిందీ ఆమే.

తాడిపత్రిలో మా మేనత్త కానుపుకని అవ్వ పోయిన రోజుల్లో తిమ్మప్ప తాత మా ఇంటి తిన్నె మీద మగవాళ్లను కూర్చోబెట్టి అర్జీ తలపెట్టాడు. రాయడానికి పేటలో నేనే దిక్కు. "మామ చెప్తాండాడు గదా, రాయి పాపా" అన్నాడు మా నాయన. రాసినాను. ఈ అయ్యగారు వచ్చినప్పటి నుంచి వాన లేదనీ, వేరే అయ్యగారిని పంపవలసినదనీ తాత చెప్పినది చెప్పినట్టు రాసినాను. ఏడుస్తూ రాశానని ఇక్కడ చెప్పుకుంటే బాగుంటుంది కానీ అది అబద్ధం. పెద్దవాళ్లందరూ నా పెన్ను వైపే చూస్తుంటే నాకు గర్వంగా ఉండింది. ఎంత గర్వమంటే, చివరన ఎవరూ చెప్పకుండా ఒక వాక్యం నేనే కలిపినాను: 'ఈయనకు పాట కూడా సరిగా రాదు.' పదిహేను వేలిముద్రలు పడినాయి, మా నాయనది ఏడోది. కవరును సంగటి మెతుకుతో అంటించారు.

"పోస్టులో ఏస్తే యాడికి పోతాదో. అయ్యగారు సోమవారం పోతాండాడు గదా, ఆయన చేతికే ఇస్తాం" అన్నాడు తాత.

"ఆయనే తెరిచి చూస్తే?" అన్నాడు మా నాయన.

"ఆయప్పనా? ఒకరి కాగితం తెరిచే మనిషి కాదప్పా" అన్నాడు తాత, సాక్ష్యం చెప్పినట్టు. ఎవరూ నవ్వలేదు.

అయ్యగారు కూటానికి పోయే రోజున పిల్లలమంతా సంచి మోస్తూ తారురోడ్డు దాకా పోయేవాళ్లం, బస్సు చూడొచ్చని. ఆ సోమవారం ఏ ఇంటివాళ్లూ పిల్లల్ని పంపలేదు, నేనొక్కదాన్నే. సంచిలో రెండు కవర్లూ ఉన్నాయి, అర్జీ ఒకటి, నా హాస్టలు దరఖాస్తు ఒకటి. మూడు మైళ్లలో రెండు మైళ్లు నోరు మూసుకున్నాను. నా జీవితంలో అంతసేపు మూసుకున్నది అదే మొదలు. చెబితే ఆయన నా దరఖాస్తును చింపి పారేస్తారని భయం. చెప్పకపోతే ఏమిటో తెలియని ఇంకో భయం. చివరికి చెప్పేశాను.

"అయ్యగారూ, తాత ఇచ్చిన కవర్లో మిమ్మల్ని ఈడ్నించి పంపించేయమని ఉండాది. నేనే రాసినా."

ఆయన నడక ఆగలేదు. "గుండ్రంగా రాశావా?" అన్నారు.

"రాసినా."

"అయితే వాళ్లకు చదవడానికి ఇబ్బంది ఉండదు."

బస్సు వచ్చింది. సంచి తీసుకుని ఎక్కారు. దుమ్ములో నేను నిలబడి ఉంటే, కిటికీలోంచి "ఎండగా ఉంది, తలమీద కొంగు వేసుకుని పో" అన్నారు. నాకు అప్పటికి కొంగు లేదు, గౌను మాత్రమే. ఆ మాట తడబాటును బట్టే నాకు అర్థమైంది, ఆయనకూ తగలాల్సిన చోటే తగిలిందని.

మూడు వారాల తర్వాత ఒక ఆదివారం పెద్దయ్యగారు జీపులో వచ్చారు. ఆరాధన అయ్యాక అందరినీ కూర్చోబెట్టి అర్జీ బయటికి తీసి గట్టిగా చదివారు. చివరి వాక్యం దగ్గర ఆడవాళ్ల వైపు నుంచి నవ్వు తుళ్లి, కొంగుల్లోకి పోయింది.

"దస్తూరి బాగుంది. ఎవరిది?" అని అడిగారు.

దేవదానం అయ్యగారు తల వంచుకుని బండల వైపు చూస్తున్నారు. ఆయన చెప్పరని తెలిసి నేనే లేచాను.

"పాట సంగతి కూడా పెద్దవాళ్లే చెప్పారా?"

"లేదండీ. అది నేనే కలిపినా."

ఈసారి నవ్వు కొంగుల్లోకి పోలేదు, అయ్యగారు కూడా నవ్వారు. ఆ నవ్వు సద్దుమణిగేలోపు మా అవ్వ లేచింది. తాడిపత్రి నుంచి వచ్చి సంగతి తెలిసినప్పటి నుంచి ఆమె మా నాయనకు సంగటి పెడుతోంది కానీ మాట పెట్టడం లేదు.

"అయ్యా, నాకు చదువు రాదు. ఒకటి అడుగుతా. ఈ కవరు మీ దగ్గరికి ఎట్ల వచ్చినాది?"

"మీ అయ్యగారే తెచ్చి ఇచ్చారమ్మా."

అవ్వ తమ్ముడి వైపు తిరిగింది. "ఏరా తిమ్మా, ఆయప్ప మీద అర్జీ ఆయప్ప చేతికే యాల ఇచ్చినావు?"

"తెరవడని, అక్కా."

"తెరవడని నీకెట్ల తెలుసు?"

తాత గుమ్మం వైపు చూశాడు.

"రెండేండ్లు చూసినావు గాబట్టి తెలుసు. పదిహేను ఇండ్లోళ్లు ఎసరు పెట్టి, ఆ ఎసరు ఆయప్ప నెత్తిమీదే పెట్టి పంపినారు, ఒలకదని. అంత నమ్మకం నాకు నీ మీద ల్యా, ఒకే కడుపున పుట్టినా గూడా. వాన కావాల్నంటే మబ్బును అడుగు. అయ్యగారు కావాల్నంటే ఇంకేం చూడాల్రా?"

అవ్వ మాట గెలిచినట్టే. అప్పుడు దేవదానం అయ్యగారు లేచారు.

"క్షమించమ్మా," అన్నారు అవ్వతో. "నేను ఆ కవరు చదివాను."

బస్సులో ఎండకు సంగటి ఎండి కవరు ఊడిపోయిందట. "ఊడినా మూసి పెట్టుకోవచ్చు. మనసు ఊరుకోలేదు. గుత్తి దాటేలోపు మూడుసార్లు చదివాను. అనంతపురంలో దిగి జిగురు కొని అంటించి ఇచ్చాను. ఆ సంగతి పెద్దయ్యగారితో కూడా చెప్పలేదు." నేను ముందే చెప్పిన సంగతి మాత్రం ఆయన నోట రాలేదు.

ఇంత కష్టపడి కట్టిన గోడను ఆయనే తోసేసినట్టు మా అవ్వ నోరు తెరిచి నిలబడిపోయింది. తిమ్మప్ప తాత మెల్లగా లేచాడు.

"చదివినాంక గూడా ఇచ్చినావా?"

"మీరు ఇమ్మన్నారు కదా."

"దారిలో పారేసింటే ఎవురికి తెలుస్తాది సామీ?"

"ఇచ్చావా అని మీరు అడిగితే ఏం చెప్పను?"

తాత తువ్వాలు ఒక భుజం మీది నుంచి ఇంకో భుజం మీదికి వేసుకున్నాడు. ఆ తర్వాత పెద్దయ్యగారి ముందుకు పోయి చెయ్యి చాచాడు. "ఆ కాగితం మాకు ఎనక్కి ఇయ్యండి సామీ. తప్పు కాగితం" అన్నాడు. ఇంటికి పోయే దారిలో అవ్వ కోపం అవ్వది: "ఆయప్ప ఇంకొంచెం సేపు నోరు మూసుకోనుంటే నా మాట గెలిచిండేది గదా."

మరునాడు పొద్దున్నే తిమ్మప్ప తాత తానే బిందె భుజాన పెట్టుకుని తోటబావి నుంచి వచ్చాడు. మా పేటలో మగవాడు బిందె మోయగా ఎవరూ చూడలేదు. సగం చొక్కా మీదే ఒలికింది. దారి పొడవునా ఆడవాళ్లు "తాతా, నెత్తికి చుట్టకుదురు కావాల్నా?" అని ఏడిపిస్తూనే ఉన్నారు. మిగిలిన సగం తొట్టిలో పోసి, పాచిపెళ్లలు చేత్తో తీసి పారేసి, మళ్లీ పోయాడు. ఆ వారంలోనే వంతులు మొదలైనాయి. అందరూ కాదు, మూడిళ్లవాళ్లు చివరిదాకా పోయలేదు, వాళ్ల లెక్క వాళ్లది. వాన మాత్రం ఆ ఏడూ రాలేదు. మా నాయనతో సహా సగం పేట బెంగళూరు మట్టిపనికి పోయింది. మిగిలిన ముసలివాళ్లకు, పిల్లలకు జాబులు రాసిపెట్టేది, చదివి వినిపించేది, జ్వరమొస్తే గుంతకల్లుకు తీసుకుపోయేది ఆయనే. తర్వాత కొన్నేళ్లు వానలు బాగానే పడ్డాయి. వాటి పుణ్యం ఆయనకు ఎవరూ కట్టబెట్టలేదు, అదొక్కటి మావాళ్లు న్యాయంగా చేసిన పని. జూన్‌లో నాకు సీటు వచ్చిందని కార్డు వచ్చింది. రెండు కవర్లూ ఆయన పెద్దయ్యగారి ముందు ఒకే బల్ల మీద పెట్టారన్న సంగతి ఊహించుకోవడానికి నాకు ఇంకా పదేళ్ల వయసు కావాల్సి వచ్చింది. ఈ నాలుగు అక్షరం ముక్కలూ, ఎవరినైనా నిలదీసే ఈ నోరూ, నేను తింటున్న అన్నమూ ఆ బల్ల మీది నుంచి వచ్చినవే.

ఇప్పుడు మా పేటకు కొళాయి వచ్చింది, శుద్ధి చేసిన నీళ్ల క్యాన్లు ఆటోలో వస్తాయి. మంచిదే, ఆ బిందెలు మోసిన నడుములు నాకు తెలుసు. వంతులు పోయాయి, రాతితొట్టి ఎప్పుడో పగిలింది, కోతల పండుగకు కోళ్లు లేవు, పద్దెనిమిదిలో పదకొండిళ్లకు తాళాలు. నేను పోయే పట్నం గుడిలో కొత్త పాస్టరు వస్తే శాలువాలూ ఫొటోలూ ఉంటాయి. ఏడాది తిరగకుండా ఫోన్ల గ్రూపులో ఆయన మీద అర్జీ తయారవుతుంది, గొంతు బాగాలేదనీ, జనం పెరగలేదనీ. నేను కమిటీలో కూర్చుని వాళ్లతో అరుస్తాను. తప్పు చేసినవాణ్ని తప్పని చెప్పాల్సిందే, దేవుడి మనిషి అన్న పేరు పెట్టుకుని ఎవరూ లెక్క చెప్పకుండా తిరగకూడదు, అందులో నాకు మొహమాటం లేదు. కానీ మబ్బు చేయాల్సిన పని మనిషి చేయలేదని మనిషిని పంపేయడం నేను ఒకసారి నా చేత్తో రాసి చూశాను.

అయ్యగారు మా ఊరి మట్టిలోనే ఉన్నారు, పక్కన అమ్మగారు. అక్కడే ఉంచమని ఆమే అడిగిందట, కాలవ నీళ్ల మనిషి. పోయిన సంవత్సరం సమాధుల దగ్గర కంప కొట్టించడానికి పోయినప్పుడు, ఈ మధ్యే పేటకు కోడలుగా వచ్చిన ఒకామె నా పక్కన నిలబడి రాతి మీద పేరు చదివింది.

"ఎవురక్కా ఈయన?"

"మా అయ్యగారు."

"ఏం చేసినాడు?"

మాటకు మాట అందించడంలో నన్ను మించినవాళ్లు లేరని మా ఇంట్లో అంటారు. ఆ రోజు ఒక్కొక్కటే లెక్కపెట్టి చూసుకున్నాను. రేకుల గుడి ఆయనకు ముందే ఉంది, వాన ఆయన తేలేదు, పాట ఆయనకు చివరిదాకా రాలేదు.

"వానలు లేని ఏండ్లలో గూడా ఈడనే ఉన్నాడు" అన్నాను.

ఆమె తల ఊపి, కొంగు నడుముకు దోపుకుని, రాతి మీదికి పాకిన ముళ్లతీగను లాగడానికి వంగింది.